మైనస్ ఇరవై టిక్కీలు: చిన్న వ్యాపారం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను సరిగ్గా అడగడం, జాగ్రత్తగా చూసుకోవడం

ఏప్రిల్ నెల. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తుతున్న రోజులు. ఇక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు. నేను డేటాబేస్ చూసిపెట్టే ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి మేనేజరు గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, నీ రిపోర్టులో ఒక లాట్‌కి మైనస్ ఇరవై టిక్కీలు చూపిస్తోంది. మైనస్ టిక్కీల్ని ఏ రాక్‌లో ఎతకమంటావ్?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ రిపోర్టు రాసింది నేనే. అప్పటికే అది యజమాని గారి దాకా వెళ్లింది కూడా.

దాని వెనకున్న క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగిన ప్రశ్న, ఒక్క ఎర్రర్ కూడా ఇవ్వలేదు, రెప్పపాటులో నడిచింది. డేటాబేస్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే. తప్పు ప్రశ్న అడిగినా మొహమాటం లేకుండా సమాధానం చెప్పేస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో వేగం కంటే ముందు లెక్క సరిగ్గా రావడం గురించి చెబుతాను.

ఉదాహరణలన్నీ ఆ వ్యాపారం నుంచే. రైతు మిర్చి తెచ్చి ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెడితే ఒక లాట్ నంబరు వేసి బాండ్ ఇస్తారు. ధర చూసుకుని అతను విడతలు విడతలుగా డెలివరీ తీసుకుంటాడు. మధ్యలో డబ్బు అవసరమైతే ఆ బాండ్ మీదే అప్పు తీసుకుంటాడు. కాబట్టి మూడు టేబుళ్లు: లాట్లు, డెలివరీలు, అప్పులు. నేను వాడేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు కమాండ్ల పేర్లు మారతాయి గానీ ఆలోచన అదే. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఇంకో మాట, డేటాబేస్ వాళ్లు 'రో' అంటారు. దాన్ని బహువచనం చేస్తే రోట్లో పచ్చడి గుర్తొస్తుంది కాబట్టి నేను వరుస అంటాను.

1. ముందు నకలు, ఆ తర్వాతే ఏదైనా

క్వెరీలు నేర్చుకుంటూ అసలు డేటా మీద చేయి పెట్టకండి. పీజీ డంప్‌తో కస్టమ్ ఫార్మాట్‌లో నకలు తీసి, పీజీ రిస్టోర్‌తో వేరే డేటాబేస్‌లోకి ఎక్కించి, అక్కడ ఆడుకోండి. దీని కోసం పని ఆపక్కర్లేదు. డంప్ మొదలైన క్షణానికి డేటా ఎలా ఉందో అలాగే వస్తుంది, మధ్యలో గుమస్తా కొత్త ఎంట్రీలు వేసినా అందులో కలవవు. అయితే ఇందులో యూజర్ల లాగిన్లు రావు. వాటిని పీజీ డంప్ ఆల్‌కు గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్ ఇచ్చి విడిగా తీయాలి. కొత్త మెషీన్ మీద రిస్టోర్ చేసేటప్పుడు చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

ఆడుకోవడానికి ఎక్కించిన ఆ నకలే మీ బ్యాకప్‌కు పరీక్ష కూడా. ఎక్కాక మూడు ప్రశ్నలు అడగండి: లాట్లు ఎన్ని ఉన్నాయి? ఈ సీజన్‌లో వచ్చిన మొత్తం టిక్కీలెన్ని? చివరి డెలివరీ ఏ రోజు, ఎన్నింటికి జరిగింది? మూడోదాన్ని వదలొద్దు. మూడు వారాల క్రితమే ఆగిపోయిన బ్యాకప్‌ను పట్టించేది అదే.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ ఖాళీ చేయబోయిన ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లో చేసేశాడు. బ్యాకప్‌ల కోసం చూస్తే డంప్‌లు లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్ అయితే డంప్ ప్రోగ్రామ్ 9.2ది నడుస్తోంది, అది రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరాల్సినవాళ్లకు చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉంది కాబట్టి బయటపడ్డారు. అంత పెద్ద టీమ్‌కే అలా జరిగింది. మన కోల్డ్ స్టోరేజీలో డేటాబేస్ చూసేది ఒక్కడు, వాడు పెళ్లికి తెనాలి వెళ్తే అసలు ఎవరూ లేరు.

సర్వర్ నడుస్తుండగా డేటా ఫోల్డర్‌ను ఉన్నపళంగా కాపీ కొడితే అది బ్యాకప్ కాదు, సగం రాసిన పేజీలు వస్తాయి. రెప్లికా (ఎప్పటికప్పుడు అసలు సర్వర్‌ను అనుసరించే రెండో సర్వర్) కూడా బ్యాకప్ కాదు, ఇక్కడ డిలీట్ కొట్టిన క్షణాల్లో అక్కడా పోతుంది. నకలు అదే భవనంలో ఉంటే ఉన్నట్టు కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లూ షాపులూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తులో సర్వరూ, దాని పక్క బీరువాలో హార్డ్ డిస్కూ పెట్టుకుంటే రెండూ ఒకేసారి మునుగుతాయి. ఒక కాపీ ఊరు దాటాలి. అందులో రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి.

రాత్రి డంప్ ఒక్కటే ఉంటే, సాయంత్రం డిస్క్ పోయినప్పుడు ఆ రోజు ఎంట్రీలన్నీ పోతాయి. మార్చి, ఏప్రిల్‌లలో అది భరించలేని నష్టం. అప్పుడు పీజీ బేస్ బ్యాకప్‌తో పాటు వాల్ ఫైళ్లను (ప్రతి మార్పూ రాసుకునే చిట్టా) ఎప్పటికప్పుడు బయటకు పంపే ఏర్పాటు చేసుకోవాలి. అది ఉంటే, ఫలానా రోజు మధ్యాహ్నం 2:40కి డేటా ఎలా ఉందో ఆ స్థితికి తెచ్చుకోవచ్చు.

2. ఒక వరుస అంటే ఏమిటి?

ప్రతి టేబుల్‌కూ ఈ ప్రశ్న వేసి, సమాధానం ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. లాట్లలో ఒక వరుస అంటే ఒక రైతు ఒక రోజున దించిన ఒకే రకం సరుకు. డెలివరీలలో ఒక వరుస అంటే ఒక లాట్ నుంచి ఒకసారి బయటకు వెళ్లిన టిక్కీలు. వాక్యంలో "లేదా" వచ్చిందంటే ఆ టేబుల్‌ను రెండుగా విడగొట్టాల్సి ఉంటుందేమో చూడండి.

పేరును కీగా, అంటే వరుసను గుర్తుపట్టే ఆనవాలుగా, వాడకండి. వెంకటేశ్వర్లు అనే పేరు ఒక్క మండలంలోనే ఎంతమందికి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒకే మనిషి పేరును ఇద్దరు గుమస్తాలు ఇంగ్లీషులో రెండు రకాలుగా కొడతారు. ఫోన్ నంబరూ పనికిరాదు, ముగ్గురు అన్నదమ్ములూ చదువుకున్న కొడుకు నంబరే ఇస్తారు. ప్రతి రైతుకూ డేటాబేస్ ఇచ్చే ఐడీ ఉండాలి, మిగతావన్నీ మారే వివరాలే.

డబ్బు, తూకం న్యూమరిక్ టైప్‌లో పెట్టండి, ఫ్లోట్‌లో వద్దు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కాటా దగ్గర ఆ తేడా తెలియదు గానీ సీజన్ చివర ఖాతా కట్టేటప్పుడు పైసలు కలవక ఒక పూట పోతుంది. టిక్కీలు సున్నా కంటే ఎక్కువ ఉండాలని చెక్, ప్రతి డెలివరీకీ నిజంగా ఉన్న లాటే ఉండాలని ఫారిన్ కీ, లాట్ ఐడీ ఖాళీగా ఉండకూడదని నాట్ నల్ పెట్టండి. యాప్‌లో చెక్ ఉందిలే అని వదిలేయొద్దు. యాప్‌లు మారతాయి, ఎక్సెల్ నుంచి ఎక్కించేవాళ్లు యాప్‌ను దాటేస్తారు.

టేబుళ్లకు తెలుగు అక్షరాల్లో పేరు పెట్టొచ్చా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. కానీ పేరుకు హద్దు 63 బైట్లు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతానికీ విడివిడిగా మూడేసి బైట్లు. అంటే గుణింతాలు కలుపుకుని 21కే పేరు తెగిపోతుంది. సరదాకి చేసి చూడండి, పనికి మాత్రం వద్దు.

3. మైనస్ ఎలా వచ్చింది

ఇక ఆ లాట్ సంగతి. అందులో 100 టిక్కీలు. డెలివరీలు మూడు: 20, 30, 10. మొత్తం 60 వెళ్లాయి, 40 మిగలాలి. అప్పులు రెండు: 50,000, 30,000. మొత్తం 80,000.

నేను చేసిందల్లా లాట్లకు డెలివరీలను జాయిన్ చేసి (అంటే టేబుళ్లను కలిపి), దానికే అప్పులను జాయిన్ చేసి, పైన రెండు సమ్‌లు పెట్టడం. లాట్‌ను డెలివరీలతో కలిపితే మూడు వరుసలు. వాటికి అప్పులు కలిపేసరికి ప్రతి డెలివరీ వరుసా ప్రతి అప్పు వరుసతోనూ జత కట్టింది. 3 × 2, ఆరు వరుసలు. ప్రతి డెలివరీ రెండుసార్లు లెక్కకొచ్చి 120 అయింది. 100లోంచి 120 తీస్తే మైనస్ 20. అప్పేమో మూడింతలై 2,40,000.

మైనస్ కనపడింది కాబట్టి దొరికింది గానీ లేకపోతే? 100 టిక్కీల్లో 20 ఒకేసారి వెళ్లి, రెండు అప్పులున్న ఇంకో లాట్‌కు మిగిలినవి 80 బదులు 60 అని వచ్చింది. 60 అంటే ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి లాట్లు ఆ రిపోర్టులో ఇంకా ఉన్నాయి, ఒక్కరూ గమనించలేదు.

చాలామంది దీనికి సమ్ లోపల డిస్టింక్ట్ (ఒకేలాంటి విలువల్ని ఒక్కసారే లెక్కించేది) పెట్టి మందు వేశామనుకుంటారు. ఒకే లాట్ నుంచి 20 టిక్కీల డెలివరీలు రెండు జరిగితే డిస్టింక్ట్ వాటిలో ఒకదాన్ని మింగేస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే ముందు ఏ టేబుల్‌కు ఆ టేబుల్‌ను లాట్‌కు ఒక వరుస వచ్చేలా కుదించి, అప్పుడు కలపడం:

విత్ డె యాజ్ (
  సెలెక్ట్ లాట్_ఐడీ, సమ్(టిక్కీలు) యాజ్ వెళ్లినవి
  ఫ్రమ్ డెలివరీలు గ్రూప్ బై లాట్_ఐడీ
), అప్ యాజ్ (
  సెలెక్ట్ లాట్_ఐడీ, సమ్(రూపాయలు) యాజ్ అప్పు
  ఫ్రమ్ అప్పులు గ్రూప్ బై లాట్_ఐడీ
)
సెలెక్ట్ లాట్లు.నంబర్,
  లాట్లు.టిక్కీలు - కోఅలెస్(డె.వెళ్లినవి, 0) యాజ్ మిగిలినవి,
  కోఅలెస్(అప్.అప్పు, 0) యాజ్ అప్పు
ఫ్రమ్ లాట్లు
లెఫ్ట్ జాయిన్ డె ఆన్ డె.లాట్_ఐడీ = లాట్లు.ఐడీ
లెఫ్ట్ జాయిన్ అప్ ఆన్ అప్.లాట్_ఐడీ = లాట్లు.ఐడీ;

ఇక్కడ లెఫ్ట్ జాయిన్ ఎందుకంటే, మామూలు జాయిన్ పెడితే ఒక్క డెలివరీ కూడా జరగని లాట్లు లిస్టులోంచి మాయమవుతాయి. అంటే నిండుగా ఉన్న సరుకే కనపడదు. కోఅలెస్ ఎందుకంటే, 100లోంచి నల్ (ఖాళీ) తీస్తే వచ్చేది 100 కాదు, నల్. కోఅలెస్ ఆ నల్ బదులు 0 పెడుతుంది. లెఫ్ట్ జాయిన్ పెట్టాక కుడివైపు టేబుల్ మీద షరతు వేర్‌లో (కలిపాక వరుసల్ని వడగట్టే చోట) రాస్తే మళ్లీ మొదటికొస్తుంది. "మార్చిలో జరిగిన డెలివరీలు" అనే షరతు ఆన్ పక్కనే ఉండాలి. వేర్‌లో పెడితే డెలివరీ లేని లాట్ల నల్ ఆ షరతులో నెగ్గదు, అవి రాలిపోతాయి.

నల్‌తో ఇంకో దెబ్బ ఉంది. డెలివరీ జరగని లాట్ల కోసం నాట్ ఇన్ వాడితే, లోపలి లిస్టులో ఎక్కడో ఒక్క నల్ ఉన్నా చాలు, జవాబు పూర్తిగా ఖాళీ. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి, ఈ బాధ ఉండదు.

క్వెరీ రాసిన ప్రతిసారీ ఒక అలవాటు చేసుకోండి: జాయిన్‌కు ముందు వరుసలెన్ని, తర్వాత ఎన్ని? పెరిగితే ఎందుకు పెరిగాయో చెప్పగలగాలి. నేను ఆ రోజు ఈ పది సెకన్ల పని చేయలేదు.

4. తెల్లవారుజామున రెండు గంటల లారీ

సీజన్‌లో లారీలు రాత్రంతా నిండుతాయి. మార్చి 11 తెల్లవారుజామున 2 గంటలకు వెళ్లిన సరుకు, యూటీసీ (మన కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) మీద నడిచే సర్వర్‌లో మార్చి 10 రాత్రి 8:30గా ఉంటుంది. అలాగే తేదీ తీసి రిపోర్టు వేస్తే ఉదయం 5:30 లోపు జరిగినవన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. కాలమ్ టైమ్‌స్టాంప్ టీజెడ్ టైప్‌లో ఉండాలి, తేదీ తీసేటప్పుడు ఎట్ టైమ్ జోన్‌తో ఏషియా/కోల్‌కతా అని చెప్పాలి.

నెల రిపోర్టుకు బిట్వీన్ వద్దు. "1 నుంచి 31 వరకు" అంటే 31వ తేదీ మొదటి క్షణం దాకానే, ఆ రోజు పనంతా పోతుంది. ఒకటో తేదీ నుంచి, వచ్చే నెల ఒకటికి లోపు అని రాయండి.

5. నెమ్మదిగా ఉంటే దాన్నే అడగండి

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనా మీద పేపరు రాసినప్పుడు మొదటి వాక్యంలోనే చెప్పింది ఇది: డేటా మెషీన్ లోపల ఎలా అమర్చి ఉందో వాడేవాళ్లకు తెలియాల్సిన అవసరం ఉండకూడదని. మనం ఏం కావాలో చెబుతాం, ఎలా తేవాలో ప్లానర్ చూసుకుంటుంది. క్వెరీ నెమ్మదించిన రోజున మాత్రం ఆ తెర తీసి లోపలికి చూడక తప్పదు.

ముందు ఏది నెమ్మదో కనుక్కోండి. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తిన్నది అన్నీ వస్తాయి. దానికి సర్వర్ ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఒక్కసారి ఎనిమిది సెకన్లు తీసుకునే రిపోర్టు కంటే, రోజుకు లక్షసార్లు నడిచే 40 మిల్లీసెకన్ల క్వెరీ పెద్ద దొంగ కావచ్చు.

దొరికాక దాని ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టండి (ప్లానర్ ఎంచుకున్న దారి, అంటే ప్లాన్, చూపిస్తుంది), బఫర్స్ కూడా జోడించండి. ఒక హెచ్చరిక: అనలైజ్ పెడితే క్వెరీ నిజంగానే నడుస్తుంది. డిలీట్ ముందు పెడితే డిలీట్ అయిపోతుంది. అప్‌డేట్, డిలీట్‌లకు ముందు బిగిన్, చివర రోల్‌బ్యాక్ (చేసింది వెనక్కి తీసుకోవడం) తప్పనిసరి.

వచ్చిన ప్లాన్‌ను లోపలి నుంచి బయటకు చదవండి. నేను మొదట చూసేది సమయం కాదు, అంచనా వేసిన వరుసలకూ నిజంగా వచ్చిన వరుసలకూ తేడా. అంచనా 1, వచ్చినవి 40,000 అని ఉంటే రోగం అక్కడే. ఒక్క వరుసే కదా అని ప్లానర్ నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి) ఎంచుకుంది, ఆ లూప్ 40,000 సార్లు తిరిగింది. అక్కడ కనిపించే సమయం ఒక చుట్టు సగటు. 0.05 మిల్లీసెకన్లే అని చూసి వదిలేస్తే మోసపోతారు. 40,000తో గుణిస్తే రెండు సెకన్లు.

అంచనా ఎందుకు తప్పుతుంది? చాలాసార్లు టేబుల్ గురించి ప్లానర్ దగ్గరున్న గణాంకాలు పాతబడి. మామూలు సెట్టింగ్‌లో ఒక టేబుల్‌లో 50 ప్లస్ పదిశాతం వరుసలు మారితేనే వెనక నడిచే ఆటోవాక్యూమ్ దాన్ని మళ్లీ అనలైజ్ చేస్తుంది, అంటే గణాంకాలు కొత్తగా తీస్తుంది. డెలివరీలలో 12 లక్షల వరుసలుంటే 1,20,050 మార్పుల దాకా ఆగుతుంది. సీజన్ మొదలైన కొత్తలో మనం అడిగేదంతా ఈ వారం సరుకు గురించే, దాని గణాంకాల్లో మాత్రం పోయిన ఏడాది సరుకే ఉంటుంది. ఆ ఒక్క టేబుల్‌కు అనలైజ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.02కి దించితే 24,050 దగ్గరే మేలుకుంటుంది. ఎక్సెల్ నుంచి ఒకేసారి పెద్ద డేటా ఎక్కించిన వెంటనే అనలైజ్ చేత్తో కొట్టండి.

6. ఇండెక్స్: చాంబర్, అంతస్తు, రాక్

కోల్డ్ స్టోరేజీలో లాట్ ఎక్కడుందో మూడు ముక్కల్లో చెబుతారు: చాంబర్, అంతస్తు, రాక్. చాంబర్ చెబితే హమాలీ ముఠా వాళ్లు నేరుగా వెళ్తారు. రాక్ నంబరు ఒక్కటే చెబితే అన్ని చాంబర్లూ తిరగాలి. ఇండెక్స్ అంటే ఏ వరుస ఎక్కడుందో చెప్పే సూచిక. రెండు మూడు కాలమ్‌ల ఇండెక్స్ కూడా అంతే. లాట్ ఐడీ, తేదీ అనే క్రమంలో ఇండెక్స్ ఉంటే లాట్ ఐడీతో వెతికినా, రెండిటితో వెతికినా పనికొస్తుంది. తేదీ ఒక్కదానితో వెతికితే పెద్దగా సాయపడదు. 18వ వెర్షన్‌లో మొదటి కాలమ్ చెప్పకపోయినా వెతికే స్కిప్ స్కాన్ వచ్చింది గానీ అది మొదటి కాలమ్‌లో విలువలు కొద్దిగా ఉన్నప్పటి మాట, మన లాట్లు వేలల్లో ఉంటాయి.

ఫారిన్ కీ పెట్టగానే ఇండెక్స్ వచ్చేస్తుందని అనుకోకండి. మైఎస్‌క్యూఎల్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పడతారు. డెలివరీలలోని లాట్ ఐడీకి మీరే ఇండెక్స్ వేయాలి. కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టినా మామూలు ఇండెక్స్ పనిచేయదు. 'సమయం'లోంచి తేదీ తీసి పోల్చే బదులు పైన చెప్పినట్టు ఎప్పటి నుంచి ఎప్పటి లోపు అని రాస్తే చాలు.

ఇండెక్స్ వేసినా సీక్వెన్షియల్ స్కానే (టేబుల్ అంతా చదవడం) చేస్తోందని కంగారు పడొద్దు. గోడౌన్‌లో మూడొంతులు తేజ రకమే ఉన్నప్పుడు "తేజ ఎక్కడుంది" అంటే అంతా తిరగడమే తేలిక. ప్లానర్ చేసింది సరైనదే.

నడుస్తున్న టేబుల్ మీద ఇండెక్స్ వేసేటప్పుడు కన్‌కరెంట్లీ అనే మాట చేర్చండి, లేకపోతే అది పూర్తయ్యేదాకా ఎంట్రీలు ఆగిపోతాయి. బిగిన్ లోపల ఇది నడవదు. మధ్యలో విఫలమైతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ వేయాలి.

7. అందరూ ఆగిపోయినప్పుడు

ఉదయం పదకొండు. కాటా దగ్గర నుంచి కేకలు: ఎంట్రీ పడట్లేదు. ముందు పీజీ స్టాట్ యాక్టివిటీ (ఎవరు ఏం చేస్తున్నారో చూపేది) తెరవండి. చాలాసార్లు అక్కడ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని ఒకటి గంట నుంచి కూర్చుని ఉంటుంది. ఎవరో మాన్యువల్ కమిట్‌లో అప్‌డేట్ కొట్టి, కమిట్ (మార్పును ఖాయం) చేయకుండా టిఫిన్‌కు వెళ్లారన్నమాట. పీజీ బ్లాకింగ్ పిడ్స్ ఎవరు ఎవర్ని ఆపుతున్నారో చెబుతుంది. నడుస్తున్న క్వెరీ అయితే ముందు పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ వాడండి. ఇలా ఊరికే కూర్చున్నదానికి అది పనిచేయదు, పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ కావాలి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ ఐదు నిమిషాలకు పెడితే మళ్లీ ఆ ఫోన్ రాదు.

ఆల్టర్ టేబుల్ విషయంలో ఇంకో మెలిక. అది ఏదో పొడుగు రిపోర్టు వెనక తాళం కోసం ఎదురుచూస్తుంటే, దాని తర్వాత వచ్చిన మామూలు సెలెక్ట్‌లు కూడా దాని వెనకే క్యూ కడతాయి. అర సెకను పని అరగంట ఆపేస్తుంది. ముందుగా లాక్ టైమౌట్ రెండు సెకన్లకు పెట్టి నడపండి. తాళం దొరక్కపోతే అదే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు.

8. సెట్టింగ్‌లు

అందరూ ముందు వెతికేది ఇవే, నేను చివర చూసేదీ ఇవే. షేర్డ్ బఫర్స్ (డేటా పేజీల్ని దాచుకునే ఉమ్మడి మెమరీ) మామూలుగా 128 ఎంబీ ఉంటుంది, డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్ అయితే ర్యామ్‌లో పావు వంతు ఇవ్వండి. వర్క్ మెమ్ 4 ఎంబీ. ప్లాన్‌లో సార్ట్ డిస్క్‌కు వెళ్తోందని కనిపిస్తేనే పెంచండి. అది ఒక్కో సార్ట్‌కు విడివిడిగా ఇచ్చే మెమరీ, వంద కనెక్షన్లు ఒకేసారి అడిగితే ర్యామ్ చాలదు. ఆటోవాక్యూమ్ ఆపకండి. వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్‌కు చేరేలా చూసేది) ఆఫ్ చేయమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే వినకండి, మనకున్న కరెంటు కోతలతో అది డేటా పోగొట్టుకునే దారి.

9. తాళంచెవులు ఎవరి దగ్గర

యాప్ అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజర్‌గా కనెక్ట్ కాకూడదు. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు. ప్రతి మనిషికీ సొంత లాగిన్ ఉండాలి, గుమస్తా పని మానేసిన రోజే అది మూయాలి. రిపోర్టులు చూసేవాళ్లకు చదివే హక్కు మాత్రమే ఉన్న రోల్ చాలు. 14వ వెర్షన్ నుంచి పీజీ రీడ్ ఆల్ డేటా అని తయారుగానే దొరుకుతుంది.

చేత్తో దిద్దాల్సి వచ్చినప్పుడు ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి వరుసలు లెక్కపెట్టండి. తర్వాత బిగిన్, అప్‌డేట్. అదే సంఖ్య వస్తేనే కమిట్.

అలాంటి చదివే లాగిన్ ఒకటి ఆ మేనేజరు గారికే ఇచ్చాను. మొన్న ఆయనే సొంతంగా ఒక క్వెరీ రాసి వాట్సాప్‌లో ఫొటో పంపారు. "మార్చిలో ఒక్క టిక్కీ కూడా కదలని లాట్లు ఒక్కటీ రావట్లేదేందయ్యా?" అని కింద ప్రశ్న. లెఫ్ట్ జాయిన్ చక్కగా పెట్టారు, మార్చి షరతు మాత్రం వేర్‌లో ఉంది. ఫోన్ చేసి, దాన్ని ఆన్ పక్కకు జరిపి, వేర్‌లో డెలివరీ ఐడీ ఈజ్ నల్ అని పెట్టమన్నాను.